మాట ఇవ్వడానికి ఎందుకీ వెనుకంజ?



ఈ మధ్య మా వద్దకు వచ్చే పెద్దల నోటా, యువకుల నోటా ఒకే మాట వేర్వేరు రూపాలలో వినవస్తున్నది. చదువు ముగించి ఉద్యోగంలో కుదురుకున్న యువకుడు నికాహ్ ప్రస్తావన రాగానే "ఇంకో రెండేళ్లు పోనివ్వండి, హజ్రత్" అంటాడు. పొలం కౌలుకిచ్చిన ఆసామి కాగితం మాట ఎత్తగానే "నోటిమాట చాలదా?" అని లేచిపోతాడు. మస్జిద్ పనికి పిలిస్తే నలుగురూ సలహాలు చెబుతారు గాని, "ఈ పని నాది" అని ఒక్కరూ ముందుకు రారు. వీరెవ్వరూ చెడ్డవారు కారు. వీరిలో ఐదు పూటలా నమాజు చేసేవారున్నారు, అడిగినవారికి లేదనకుండా ఇచ్చేవారున్నారు. అయినా "నేను చేస్తాను" అన్న మాట దగ్గరకు వచ్చేసరికి అందరి అడుగూ ఆగిపోతున్నది. ఈ వెనుకంజకు మూలమేమిటో, దానికి మన ధర్మం చూపే మందేమిటో ఈ నెల ఆలోచించుదాము.

భయం తప్పు కాదు

ముందుగా ఒక విషయం స్పష్టం చేయవలసి ఉన్నది. మాట ఇవ్వడానికి భయపడటం దానంతట అది దోషం కాదు. దివ్య ఖుర్ఆన్ అహ్‌జాబ్ సూరా చివరిలో అమానతు సంగతి వస్తుంది. ఆకాశాలకూ, భూమికీ, పర్వతాలకూ ఆ బాధ్యతను చూపినప్పుడు అవి భయపడి వెనుదీశాయనీ, మానవుడు దానిని భుజాన వేసుకున్నాడనీ అల్లాహ్ తెలియజేశాడు. పర్వతమే జంకిన చోట మనిషి జంకితే ఆశ్చర్యమేమున్నది? మాటకు బరువు ఉన్నదని తెలిసినవాడికే భయం కలుగుతుంది. బరువు తెలియనివాడు పొద్దున పది మాటలిచ్చి సాయంత్రానికి అన్నీ మరచిపోతాడు. వాగ్దానభంగాన్ని కపటుల లక్షణాలలో ఒకటిగా మహాప్రవక్త (సఅసం) లెక్కించిన సంగతి మన పిల్లలకు కూడా తెలిసినదే.

అయితే అన్ని భయాలూ ఒకటి కావు. "ఇచ్చిన మాట నిలుపుకోగలనా?" అన్న భయం విశ్వాసం నుండి పుడుతుంది. "ఇంతకంటే మంచిది రేపు దొరికితే?" అన్న భయం ఆశ నుండి పుడుతుంది. ఈ రెండింటికీ నడుమ మూడవది ఒకటున్నది. మా అనుభవంలో ఎక్కువమందిని పట్టి ఆపుతున్నది అదే. తాము ఒప్పుకోబోయేది ఎంతవరకో, ఎప్పటివరకో, దానిలో ఏమేమి ఇమిడి ఉన్నదో తెలియకపోవడం వలన కలిగే భయమది. హద్దులు తెలియని చీకటి గదిలో కాలు పెట్టడానికి ధైర్యవంతుడైనా జంకుతాడు. అతనికి ధైర్యం నూరిపోయడం కంటే దీపం వెలిగించడం మేలు.

కాగితానికి జంకే కౌలు

మన గోదావరి డెల్టాలో ఈ భయం ఎంత లోతుగా పాతుకున్నదో చూడాలంటే కౌలు వ్యవహారం చాలు. ఇక్కడ నాగలి పట్టేవారిలో కౌలుదారులే అధికం. భూమి ఒకరిది, చెమట మరొకరిది. ఒప్పందం చాలా చోట్ల నోటిమాటే. కాగితం రాయడానికి యజమాని ఒప్పుకోడు. సంతకం పెడితే రేపు భూమి మీద హక్కు పోతుందేమోనని అతని దిగులు. ఈ దిగులు పోగొట్టడానికి ప్రభుత్వాలు ప్రయత్నించకపోలేదు. 2011లో ఒక చట్టం తెచ్చి కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చారు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఒప్పందం పదకొండు నెలలకే. కౌలుదారుకు హక్కు పంట మీదనే గాని భూమి మీద కాదు. అయినా కార్డుకు యజమాని సమ్మతి కావాలి గనుక, ఆ ఒక్క సంతకం దగ్గరే ఎందరి పనో నిలిచిపోయింది.

ఫలితం ఎవరి మీద పడుతున్నది? పేరు కాగితం మీద లేని రైతుకు బ్యాంకు అప్పు పుట్టదు. తుఫాను వచ్చి కోతకు సిద్ధమైన చేను నీట మునిగితే పంట నష్టపు సొమ్ము భూమి ఎవరి పేరున ఉంటే వారి ఖాతాలో పడుతుంది, మునిగినవాడు మునిగే ఉంటాడు. పెట్టుబడి కోసం అతడు వడ్డీ వ్యాపారి గడప తొక్కుతాడు. వడ్డీని హరామని నమ్మే కుటుంబం కూడా గత్యంతరం లేక ఆ ఊబిలోకి దిగడం మేము చూస్తూనే ఉన్నాము. ఒకరు సంతకానికి భయపడితే, ఆ భయానికి మూల్యం మరొకరు చెల్లిస్తున్నారు. "నేను ఎవరికీ అన్యాయం చేయలేదు, మాట ఇవ్వకుండా ఊరుకున్నాను, అంతే" అనుకోవడం సులభమే. ఆ ఊరుకోవడంలోనే అన్యాయం దాగి ఉండవచ్చునని మనం గ్రహించాలి.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ నమాజు గురించి కాదు, ఉపవాసం గురించి కాదు. అది అప్పు పత్రం రాసుకోవడం గురించి. చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాయమనీ, రాసేవాడు న్యాయంగా రాయాలనీ, సాక్షులుండాలనీ, రాయడానికి విసుగు చెందవద్దనీ అందులో బోధ ఉన్నది. సందేహాలు తొలగడానికి అదే దగ్గర దారి అని కూడా అక్కడే చెప్పబడింది. కాగితం అపనమ్మకానికి గుర్తని మనవారు భావిస్తారు. అల్లాహ్ దృష్టిలో అది నమ్మకానికి కంచె.

బయానా ఇచ్చిన మొక్క

మా కడియం విషయానికి వద్దాము. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి దారుల వెంట ఎటు చూసినా నర్సరీలే. ఇక్కడి మొక్కలు లారీలెక్కి ఎన్నో రాష్ట్రాలకు పోతాయి. ఈ వ్యాపారంలో చాలా భాగం ఇంకా తయారు కాని మొక్క మీదనే సాగుతుంది. నేడు బయానా, కొన్ని నెలల తరువాత సరుకు. బయానా పుచ్చుకున్నవాడు ఒక మాటకు కట్టుబడ్డాడు, ఇచ్చినవాడు మరో మాటకు కట్టుబడ్డాడు.

ఈ బేరాలలో తగవులు ఎక్కడ పుడతాయో పంచాయితీ చేసే పెద్దలను అడిగితే చెబుతారు. "మంచి మొక్కలు వెయ్యి పంపు" అన్నంతలో ముగిసిన బేరంలోనే. ఎన్ని అడుగుల ఎత్తు? ఏ సంచిలో? అంటు మొక్కా, విత్తు మొక్కా? ఏ తేదీకి? దారిలో వాడిపోయిన వాటి నష్టం ఎవరిది? లారీ కిరాయి ఎవరు పెట్టుకోవాలి? ఇవన్నీ ముందే పలికిన బేరంలో ఇరువురూ నిశ్చింతగా నిద్రపోతారు. పలకని బేరంలో ఒకరికి ఆశ పెరుగుతుంది, మరొకరికి దిగులు పెరుగుతుంది.

మహాప్రవక్త (సఅసం) మదీనాకు విచ్చేసిన నాడు అక్కడి తోటలవారు ఖర్జూర పండ్లకు ఏడాది, రెండేళ్లు ముందుగానే సొమ్ము పుచ్చుకునే అలవాటులో ఉన్నారు. ఆయన దానిని రద్దు చేయలేదు. అలా ముందుగా సొమ్ము ఇచ్చేవారు కొలత తెలిసి, తూకం తెలిసి, గడువు తెలిసి ఇవ్వాలని ఆదేశించారు. ఫిఖహ్ గ్రంథాలలో దీనినే సలమ్ అంటారు. భవిష్యత్తు మన చేతిలో లేదు గనుక ఎవరూ ముందు మాట ఇవ్వవద్దని ఆయన అనలేదన్నది గమనార్హం. భవిష్యత్తు గురించి మాట ఇవ్వవచ్చును, అయితే ఆ మాటకు హద్దులుండాలి. మన భయానికి షరీఅత్ ఇచ్చే మొదటి మందు ఇదే.

ఎనిమిదేళ్ల ఒప్పందం

హజ్రత్ మూసా (అ) వృత్తాంతం గుర్తు చేసుకోండి. ఈజిప్టు నుండి ప్రాణాలరచేత పట్టుకుని వచ్చిన పరదేశి. మద్‌యన్ బావి దగ్గర చెట్టు నీడన కూర్చున్నప్పుడు ఆయన చేతిలో తిండి లేదు, తలదాచుకొనే ఇల్లు లేదు, రేపటి మీద భరోసా లేదు. నేటి లెక్కల ప్రకారం చూస్తే ఎవరికీ ఏ మాటా ఇవ్వలేని స్థితి. ఆ సమయంలోనే ఆ ఊరి వృద్ధుడు తన కుమార్తెలలో ఒకరిని నికాహ్ చేసి ఇస్తానన్నాడు. ఎనిమిదేళ్లు తన వద్ద పని చేయాలన్నది షరతు. పదేళ్లు పూర్తి చేస్తే అది మూసా (అ) ఇష్టం. తాను కష్టపెట్టదలచుకోలేదని కూడా ఆ పెద్దాయన చెప్పాడు. మూసా (అ) ఆ గడువులను తన నోట తిరిగి పలికారు. రెండింటిలో ఏది పూర్తి చేసినా తన మీద నింద ఉండరాదన్నారు, అల్లాహ్‌ను సాక్షిగా పెట్టుకున్నారు. ఆయన ఎక్కువ గడువునే పూర్తి చేశారని హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (రజి) వివరించారు.

ఇందులో మాట ఇచ్చినవారికే కాదు, మాట అడిగినవారికి కూడా పాఠమున్నది. ఆ వృద్ధుడు ఏమి చేశాడు? కనీసం ఎంతో చెప్పాడు. అంతకు మించినది ఇష్టానికి వదిలాడు. కష్టపెట్టనని భరోసా ఇచ్చాడు. మన ఇళ్లలో మాట అడిగేవారు చేసేది దీనికి తలకిందులు. "జీవితాంతం మమ్మల్ని చూసుకుంటావా లేదా?" అని కొడుకును నిలదీస్తాము. నెలకు ఎంత పంపాలో, ఎవరి మందులు ఎవరు తేవాలో, అన్నదమ్ముల మధ్య పాలు ఎంతెంతో చెప్పము. కొండను చూపించి మోయమంటాము, అతడు వెనుదీస్తే పిరికివాడంటాము. భయపడేవాడిని నిందించే ముందు మనం అడిగిన తీరును పరిశీలించుకోవాలి.

హజ్రత్ అబూ ఖతాదా (రజి) వృత్తాంతం కూడా ఇక్కడ చెప్పుకోదగినది. ఒక సహచరుని జనాజా వచ్చింది. చనిపోయినవాడు కొద్ది దీనారులు బాకీ ఉన్నాడని తెలిసి మహాప్రవక్త (సఅసం) నమాజు చేయించడానికి ముందుకు రాలేదు. అబూ ఖతాదా (రజి) ఆ బాకీకి తాను పూచీ అన్నారు, అప్పుడు నమాజు జరిగింది. ఆ తరువాత కూడా బాకీ తీరిందా లేదా అని మహాప్రవక్త (సఅసం) వాకబు చేశారు, తీరేవరకు విడువలేదు. మృతుని కుటుంబ భారమంతా తనదేనని అబూ ఖతాదా (రజి) అనలేదు. లెక్క తెలిసిన దీనారులకు మాట ఇచ్చారు, ఆ లెక్క తీర్చారు. జామీను సంతకమంటే వణికే మనం నేర్వవలసినది ఇదే. పరిమితి లేని పూచీకి "చేయలేను" అని మర్యాదగా చెప్పడం తప్పు కాదు. మోయగలిగినంత లెక్కకు "ఇది నాది" అనకుండా ముఖం చాటేయడం మాత్రం తగదు.

నికాహ్ ముంగిట

ఇక యువకుల సంగతి. నికాహ్‌కు గడువు ఉండదు, గడువు పెడితే అది నికాహే కాదు. దానిని దృఢమైన ఒడంబడికగా దివ్య ఖుర్ఆన్ పేర్కొన్నది. మూసా (అ) చెప్పిన గడువు సేవకు సంబంధించినదే గాని దాంపత్యానికి కాదు. మరి గడువు లేని ఒప్పందానికి హద్దులెక్కడివి అని అడగవచ్చును. దాని హద్దులు కాలంలో కాదు, హక్కులలో ఉన్నాయి. మహర్ ఎంత, పోషణ ఎవరిది, నివాసం ఎక్కడ, ఎవరి ఆస్తి ఎవరిది, ఇవన్నీ నిర్ణీతమే. ఈ నిర్ణయాలను మరుగుపరచి వాటి స్థానంలో కట్నాన్నీ, విందులనూ, లాంఛనాల జాబితానూ పెట్టినవారము మనమే. అప్పు చేయకుండా పెళ్లి చేసుకోలేని పరిస్థితి కల్పించి, ఆపై కుర్రవాళ్లు జంకుతున్నారని వాపోవడం న్యాయం కాదు.

గల్ఫ్‌కు వెళ్లే కుటుంబాలు మన జిల్లాలో తక్కువేమీ కాదు. సంబంధం కుదిరేటప్పుడు పెండ్లికుమారుడు ఎన్నేళ్లు అక్కడ ఉంటాడో, భార్యను తీసుకువెళతాడో లేదో, అతడు లేనప్పుడు ఆమె అత్తవారింట ఉంటుందో పుట్టింట ఉంటుందో, ఆమె చదువు, ఉద్యోగం సాగుతాయో లేదో ఎవరూ అడగరు. అడిగితే సంబంధం చెడుతుందని మౌనం వహిస్తారు. ఆ మౌనమే తరువాత కన్నీరవుతుంది. అన్ని షరతులలోకి ముందుగా నెరవేర్చదగినవి నికాహ్ షరతులని మహాప్రవక్త (సఅసం) బోధించారు. నెరవేర్చాలంటే ముందు అవి పలకబడాలి కదా! పలికి, వీలైతే నికాహ్‌నామాతో పాటు రాసుకుంటే ఆడపిల్ల తల్లిదండ్రుల గుండె కుదుటపడుతుంది, అబ్బాయికీ తాను దేనికి ఒప్పుకున్నాడో తెలుస్తుంది.

అయితే ఇంతకంటే మంచిది దొరుకుతుందేమోనని ఆగేవారి మాట వేరు. మొక్క కొనడానికి కడియం వచ్చినవాడు ఒక నర్సరీ నుండి మరో నర్సరీకి తిరుగుతూ, ప్రతి చోటా ఇంకా మంచిది ముందున్నదేమో అనుకుంటూ పొద్దుగూకేవరకు తిరిగి వట్టి చేతులతో ఇంటికి పోతే తొలకరి వాన అతని కోసం ఆగదు. పక్క పొలంవాడు నాటిన సాధారణమైన అంటు నాలుగేళ్లకు కాపుకొస్తుంది. ఈ రకం భయానికి హద్దులు గీసినా ప్రయోజనం లేదు. తెలిసినవారితో సంప్రదించి, ఇస్తిఖారా చేసి, అల్లాహ్ మీద భారం వేసి నిర్ణయం తీసుకోవడమే దానికి మందు. ఇస్తిఖారా నిర్ణయాన్ని వాయిదా వేసే సాధనం కాదని, నిర్ణయించే ముందు చేసే ప్రార్థన అని గుర్తుంచుకోవాలి.

ఇన్షా అల్లాహ్‌ను అడ్డు పెట్టుకోవద్దు

మరొక మాట చెప్పక తప్పదు. రేపు ఈ పని చేస్తానని చెప్పేటప్పుడు అల్లాహ్ తలచినట్లయితే అనడం మనకు నేర్పబడిన మర్యాద. "నేను నా శక్తినంతా పెడతాను, ఫలితం ఆయన చేతిలో ఉన్నది" అని దాని భావం. మన వాడుకలో అది "చేయను" అన్నదానికి మారుపేరయిపోయింది. "శుక్రవారం వస్తారా భాయ్?" అంటే "ఇన్షా అల్లాహ్" అంటాడు, రాడని ఇద్దరికీ తెలుసు. అల్లాహ్ పవిత్ర నామాన్ని మన వెనుకంజకు తెరగా వాడుకోవడం ఎంత పొరపాటో ఆలోచించండి. చేయగలిగితే ఇన్షా అల్లాహ్ అని బయలుదేరాలి. చేయలేకపోతే "క్షమించండి, నా వల్ల కాదు" అనాలి. ఆ రెండవ మాట వినడానికి కటువుగా ఉన్నా అవతలివాడు మరో దారి చూసుకోవడానికి వీలిస్తుంది.

మాటకు బరువూ ఉన్నది, తిరుగు దారీ ఉన్నది

హద్దులలో ఇచ్చిన మాట ఎంత బరువైనదో హజ్రత్ హుజైఫా (రజి) చరిత్ర చెబుతుంది. ఆయనా, ఆయన తండ్రీ మదీనాకు వెళుతుండగా ఖురైషులు పట్టుకున్నారు. మదీనాకు వెళ్లవచ్చును గాని ముహమ్మద్ (సఅసం) పక్షాన తమతో యుద్ధం చేయరాదని మాట పుచ్చుకుని వదిలారు. అది హిజ్రీ 2, బద్ర్ సమయం. ముస్లిములు సుమారు 313 మంది, ఎదుట దాదాపు వెయ్యిమంది. ఒక్కొక్క మనిషీ అవసరమైన ఆ ఘడియలో కూడా మహాప్రవక్త (సఅసం) ఆ ఇద్దరినీ మాట నిలుపుకొమ్మని వెనక్కు పంపారు. శత్రువుకు ఇచ్చిన మాట అది, బలవంతం మీద ఇచ్చిన మాట అది, అయినా నిలిచింది. మరుసటి ఏడాది ఉహుద్ మైదానంలో ఆ తండ్రీకొడుకులిద్దరూ ముస్లిముల పక్షాన ఉన్నారు.

ఇంత బరువుంటే ఎవరు మాట ఇవ్వగలరు అని మీకు అనిపించవచ్చును. మన పరమ ప్రభువు దాసుల బలహీనత ఎరిగినవాడు. అందుకే తిరుగు దారులు కూడా ఉంచాడు. ప్రమాణం చేసి నిలుపుకోలేకపోయినవాడికి కఫ్ఫారా ఉన్నది. పదిమంది పేదలకు అన్నమో వస్త్రమో ఇవ్వాలి, ఆ స్తోమత లేకపోతే మూడు రోజులు ఉపవాసం ఉండాలి. అప్పు తీర్చలేని ఇక్కట్టులో ఉన్నవాడికి గడువు ఇవ్వమని అప్పిచ్చినవాడికి ఆదేశం ఉన్నది. క్రయవిక్రయాలలో పునరాలోచనకు వ్యవధి ఉంచుకొనే వీలున్నది, ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దానిని మూడు రోజులకు పరిమితం చేశారు. దాంపత్యం సాగని చోట పెద్దల మధ్యవర్తిత్వం, అదీ కుదరకపోతే మర్యాదగా విడిపోయే మార్గం ఉన్నాయి. ఇవి మాట తప్పడానికి ఇచ్చిన అనుమతులు కావు. మనిషి నిజాయితీగా ప్రయత్నించి ఓడినప్పుడు అతడిని నాశనం కానివ్వని ఏర్పాట్లు. ఇవి తెలిసిన సమాజంలో మాట ఇవ్వడానికి జనం ఇంతగా భయపడరు. ఓడినవాడిని జీవితాంతం ఎత్తిపొడిచే సమాజంలోనే భయం పెరుగుతుంది.

ఇంటి నుండే మొదలుపెడదాము. మహాప్రవక్త (సఅసం) ఎదుట ఒక తల్లి "రా, ఒకటి ఇస్తాను" అని పిల్లవాడిని పిలిచింది. ఏమివ్వదలచావని ఆయన అడిగారు. ఖర్జూరమని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకపోతే అది అబద్ధంగా రాయబడేదని ఆయన హెచ్చరించారు. మాట నిలబడే ఇంట పెరిగిన పిల్లవాడికి పెద్దయ్యాక మాట ఇవ్వడం మామూలు పనిలా తోస్తుంది. మాటలు గాలిలో కలిసే ఇంట పెరిగినవాడికి ప్రతి వాగ్దానం మోసమో ఉచ్చో అనిపిస్తుంది. కాబట్టి ఈ నెలలో ప్రతి ఇంటిలో ఒక్క పని చేయండి. చాలాకాలంగా నానుతున్న ఒక మాటను ఎంచుకోండి. చెల్లెలి వాటా కావచ్చును, కౌలు కాగితం కావచ్చును, స్నేహితుని బాకీ కావచ్చును, అబ్బాయి సంబంధం కావచ్చును. సంబంధించినవారితో కూర్చుని ఎంత, ఎప్పటికి, ఎవరు అన్న మూడు ప్రశ్నలకు జవాబులు తేల్చండి. ఇద్దరు సాక్షుల ముందు రాసుకోండి. మోయలేనిది ఉంటే అప్పుడే చెప్పండి. మిగిలినదానికి బిస్మిల్లాహ్ అనండి.

ఇచ్చిన మాట నిలుపుకునే శక్తినీ, మోయలేని బరువు అడగని వివేకాన్నీ, ఓడినవారిని ఆదుకునే హృదయాన్నీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.